నీళ్లకు తోడు

విజయవాడలో ఓ ఆదివారం సాయంత్రం. రంగు చేపల కొట్టులో ఓ తండ్రి, ఏడెనిమిదేళ్ల కూతురు నిలబడి ఉన్నారు. రెండడుగుల గాజు తొట్టి, గులకరాళ్లు, స్పాంజి ఫిల్టర్, గాలి పంపు, మేత డబ్బా తీసుకోవడం అయిపోయింది. ఇక చేపలే మిగిలాయి. పాప అప్పటికే నాలుగు గోల్డ్‌ఫిష్‌లను ఎంచుకుని పేర్లు కూడా పెట్టేసింది. కొట్టాయన మాత్రం వల చేతిలోకి తీసుకోలేదు. "చేపలు ఇవాళ వద్దండి. తొట్టిలో నీళ్లు పోసి పంపు నడుపుతూ ఉండండి. రోజూ చిటికెడు మేత వేయండి. మూడు వారాల తర్వాత పాపను తీసుకురండి" అన్నాడు. చేపలే లేని తొట్టిలో మేత ఎవరు తింటారని పాప అడిగింది. ఆయన నవ్వి, లోపలి తొట్టిలోంచి ఓ పాత స్పాంజి ముక్క తీసి, నీళ్లతో సహా కవర్లో పోసి ఇచ్చాడు. "తినేవాళ్లు ఇందులో ఉన్నారమ్మా" అన్నాడు. తండ్రికి ఇదేమీ నచ్చినట్టు లేదు. అయినా తొట్టి ఆటోలో పెట్టించుకుని వెళ్లాడు.

పక్కనే నిలబడి ఇదంతా చూసిన నాకు, చేతికొచ్చిన బేరాన్ని ఆయన వాయిదా వేసుకోవడం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా తెలివైన పని అనిపించింది. ఇరవై రూపాయల చేప మీద వచ్చేది ఎంత? చేప బతికితే ఆ ఇంటివాళ్లు మేతకు వస్తారు, మొక్కలకు వస్తారు, ఏడాది తిరిగేసరికి పెద్ద తొట్టికి వస్తారు. వారంలో చచ్చిపోతే తొట్టి అటక ఎక్కుతుంది, "మా ఇంట్లో చేపలు అచ్చిరావు" అనే మాట మిగులుతుంది. చేపలు అచ్చిరాకపోవడానికి ఇంటితో సంబంధం లేదు. ఆ నీళ్లలో ఉండాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు, అంతే.

మనం తిన్న పప్పులోని, మాంసంలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజని ముందు అమ్మోనియా అవుతుంది. అది విషం కాబట్టి మన కాలేయం దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. చేపకు ఆ శ్రమ అక్కర్లేదు. చుట్టూ నీళ్లే కదా, అమ్మోనియాను ఎక్కువ భాగం మొప్పల గుండా ఉన్నదున్నట్టుగా వదిలేస్తుంది. కృష్ణలోనో చెరువులోనో అయితే అది పలచబడిపోతుంది. యాభై లీటర్ల తొట్టిలో ఎక్కడికి పోతుంది? చేప వదిలింది చేప చుట్టూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లి దానికి తోడవుతుంది.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమ్మోనియం, చేపకు పెద్దగా హాని చేయదు. రెండోది ఆవేశం లేని అమ్మోనియా, మొప్పల పొరలోంచి నేరుగా రక్తంలోకి దూరిపోతుంది. ఏది ఎంత ఉంటుందో ముఖ్యంగా నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల వేడిమి దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం 0.6 శాతం లోపే. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. 9కి చేరితే మూడో వంతుకు మించిపోతుంది. అంటే రెండు తొట్టెల్లో ఒకే మోతాదు అమ్మోనియా ఉన్నా, ఒకదాంట్లో చేప ఈదుతూ ఉంటుంది, ఇంకోదాంట్లో నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువులు చేసే రైతులకు ఇది కొత్త కాదు. మధ్యాహ్నం ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేసుకోవడంతో పీహెచ్ పెరుగుతుందని, అమ్మోనియా ఉన్న చెరువుకు అదే గడ్డు సమయమని వాళ్లకు అనుభవం నేర్పింది. అదే రసాయనం గాజు తొట్టిలోకి వచ్చేసరికి మనకు కనిపించకుండా పోతుంది.

కొత్త తొట్టిలో చేపలు మొదటి రెండు రోజులు హుషారుగా ఉండి, ఆ తర్వాత డీలాపడటానికి కారణం ఈ పోగుపడటమే. అప్పుడు ఇంట్లోవాళ్లు కంగారుపడి తొట్టి ఖాళీ చేసి, రాళ్లూ స్పాంజీ కుళాయి కింద శుభ్రంగా తోమి, కొత్త నీళ్లు పోస్తారు. అప్పుడప్పుడే మొలకెత్తుతున్న సహాయం కాస్తా ఆ తోముడులో పోతుంది. కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ సహాయం ఏమిటో తెలుసుకోవడానికి శాస్త్రానికి చాలాకాలం పట్టింది. ఆ కథలో ఒకే ఇంటి తండ్రీకొడుకులు ఉన్నారు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను, కొన్ని నత్తలను ఒకే పాత్రలో పెట్టి, నీళ్లు మార్చకుండా అవి ఎలా బతుకుతున్నాయో గమనించి 1850లో ప్రకటించాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, కుళ్లిన ఆకును నత్త తింటుంది, చేప హాయిగా ఉంటుంది అన్నది ఆయన లెక్క. ఆయన చెప్పింది నిజమే, కానీ సగమే. మిగతా సగం మీద పనిచేసినవాళ్లలో ఆయన కొడుకు ఒకడు. అతని పేరూ రాబర్ట్ వారింగ్టనే. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేల గురించి పనిచేస్తూ, అమ్మోనియా నైట్రేట్‌గా మారడం రెండు అంచెల్లో జరుగుతుందని, అది సూక్ష్మజీవుల పనేనని చూపించాడు. ఆ జీవులను విడదీసి పట్టుకోవడం మాత్రం అతనికి సాధ్యపడలేదు. ఆ ఘనత 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. తండ్రి చేపల పాత్రలో వెతికిన సమతూకానికి జవాబు, కొడుకు తవ్విన పొలం మట్టిలో ఉంది. ఇద్దరిలో ఎవరికైనా ఈ సంగతి తట్టిందో లేదో!

మొదటి అంచెలో కొన్ని బ్యాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. రెండో అంచెలో వేరే రకాలు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చాలా తక్కువ హానికరం. మొక్కలు కొంత వాడుకుంటాయి, మిగతాది వారం వారం కొంచెం నీళ్లు మార్చినప్పుడు పోతుంది. రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. 1998లో టిమ్ హోవానెక్, సహచరులు మంచినీటి తొట్టెల్లో వెతికితే అసలు పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. 2005లో సియాటిల్ అక్వేరియంలోని ఒక తొట్టి అడుగు గులకరాళ్లలోంచి, అమ్మోనియాను తిని బతికే, బ్యాక్టీరియాకు వేరైన ఆర్కియా వర్గపు సూక్ష్మజీవిని వేరుచేశారు. అలాంటి ఆర్కియా చేతికి చిక్కడం అదే మొదటిసారి. అవి సముద్రాల్లో ఎంత విస్తారంగా ఉన్నాయో ఆ తర్వాతే అర్థమైంది. 2015లో ఇంకో ఆశ్చర్యం. రెండు అంచెలూ ఒక్కటే పూర్తిచేసే నైట్రోస్పైరాలు ఉన్నాయని రెండు బృందాలు ఒకేసారి చెప్పాయి. ఒక బృందానికి అవి చేపల పెంపకపు నీటి ఫిల్టర్‌లోనే దొరికాయి. చేపల తొట్టిని పిల్లల సరదా అనుకునేవారికి నేను ఈ సంగతులే చెబుతుంటాను.

ఈ జీవులు చాలా నిదానస్థులు. పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా అనుకూలమైన చోట ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి గంటలు, ఒక్కోసారి రోజు దాటుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. వీటికి కావాల్సినవి మూడే: తినడానికి అమ్మోనియా, పీల్చడానికి ప్రాణవాయువు, అంటిపెట్టుకోవడానికి చోటు. పాప వేసే చిటికెడు మేత కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. పంపు గాలి ఇస్తుంది. స్పాంజి రంధ్రాలు చోటు ఇస్తాయి. ఇక కొట్టాయన ఇచ్చిన పాత ముక్క పాలలో వేసే తోడు లాంటిది. పాలు వాటంతటవి విరగవచ్చు, పులియవచ్చు, కానీ మంచి పెరుగు కావాలంటే నిన్నటి గిన్నెలోంచి చెంచాడు తీసి వేయాల్సిందే. తొట్టికీ అంతే. తోడు పడితే ఎదురుచూపు వారాల లెక్కలో తగ్గుతుంది. ఆ తోడును కుళాయి నీళ్లతో కడిగితే మాత్రం చచ్చిపోతుంది. మనం తాగే నీళ్లలో చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి. సూక్ష్మజీవులను చంపడానికే కదా ఆ ఏర్పాటు! అది చేప మొప్పలనూ కాలుస్తుంది. సోడియం థయోసల్ఫేట్ దాన్ని క్షణాల్లో విరిచేస్తుంది. చేపలవాళ్లు వాడే క్లోరిన్ విరుగుడు మందుల్లో చాలావాటి సారం ఇదే. స్పాంజిని ఎప్పుడూ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ఒక మంచి కొట్టు గుండెకాయ వెనకగదిలో ఉంటుంది. ముందు వరసలో వెలుగుతున్న తొట్టెలు చూసి మనం ముచ్చటపడతాం. అసలు పని తెల్లవారుజామున, చెన్నై నుంచి పెట్టెలు దిగినప్పుడు మొదలవుతుంది. దక్షిణాదిలో చాలా కొట్లకు రంగు చేపలు చెన్నైలోని కొళత్తూరు నుంచి వస్తాయి. అక్కడా చుట్టుపక్కల ఊళ్లలోనూ వీటిని పెంచడం, అమ్మడం బతుకుతెరువుగా ఎన్నో కుటుంబాలున్నాయి. బయల్దేరే ముందు ఒకటి రెండు రోజులు చేపలకు మేత ఆపేస్తారు. ఇది క్రూరత్వం కాదు, దారిలో అవి తక్కువ అమ్మోనియా వదలాలని చేసే జాగ్రత్త. పాలిథిన్ సంచిలో మూడో వంతు నీళ్లు, రెండు వంతులు ప్రాణవాయువు నింపి బిగించి కట్టి, థర్మాకోల్ పెట్టెలో సర్దుతారు. మామూలు గాలి కింద 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు కరుగుతుంది. శుద్ధ ప్రాణవాయువు కింద అది దాదాపు అయిదింతలవుతుంది. ఆ రాత్రి ప్రయాణానికి అదే ఊపిరి.

ఇక్కడ ఓ విచిత్రం ఉంది. సంచిలో చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువు కరిగి నీళ్లు ఆమ్లగుణం పొందుతాయి, పీహెచ్ దిగిపోతుంది. అమ్మోనియా పోగవుతున్నా అది హానిలేని రూపంలోనే ఉండిపోతుంది. అంటే చేప శ్వాసే చేపకు కవచం. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, పీహెచ్ ఎగబాకుతుంది, రాత్రంతా పోగైన అమ్మోనియా చూస్తుండగానే విషంగా మారుతుంది. కొత్త నీళ్లు అలవాటు చేయాలని సంచి విప్పి గంటసేపు అందులో చుక్క చుక్కగా తొట్టి నీళ్లు కలపడం మంచి ఉద్దేశంతో చేసే తప్పు. దూరం నుంచి వచ్చిన సంచిని విప్పకుండానే పదిహేను ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, వేడిమి సరిపోయాక విప్పి, చేపలను వలతో తీసి వెంటనే మంచి నీళ్లలోకి వదలాలి. సంచి నీళ్లను తొట్టిలో పోయకూడదు. కొట్టు నుంచి ఇంటికి అరగంట ప్రయాణమైతే ఇంత ప్రమాదం లేదు. కానీ సంచి నీళ్లు పారబోయడం అక్కడా మంచిదే. ఆ నీళ్లలో ఏ జబ్బు ఉందో మనకేం తెలుసు?

జబ్బంటే మొదట వైట్ స్పాట్ గురించి చెప్పాలి. కోస్తా పాఠకులు పొరపాటుపడకూడదు. 1990ల మధ్యలో మన రొయ్యల చెరువులను ఊడ్చేసిన వైట్ స్పాట్ ఒక వైరస్. రంగు చేపల మీద ఉప్పు చల్లినట్టు కనిపించే వైట్ స్పాట్ వేరు, అది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి. చర్మం పొర కింద దూరి, చేపను తింటూ పెరుగుతుంది. ఆ తెల్ల చుక్క దాని ఇల్లు. బాగా పెరిగాక బయటికొచ్చి తొట్టి అడుగుకు చేరి, గుల్ల కట్టుకుని లోపల విభజన చెంది వందల పిల్లలను కంటుంది. ఆ పిల్లలు ఈదుతూ రెండు రోజుల్లోపు ఇంకో చేపను పట్టుకోలేకపోతే చస్తాయి. చేప చర్మం కింద ఉన్నప్పుడు మందు అందదు, గుల్లలో ఉన్నప్పుడూ అందదు. ఈదే ఆ కొద్దిపాటి వ్యవధే దాన్ని కొట్టగలిగిన సమయం. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రమంతా వారంలోపు తిరుగుతుంది, చల్లని నీళ్లలో నెల దాటుతుంది. అందుకే తెలిసిన కొట్టువాళ్లు వేడిమి కొంచెం పెంచి చక్రాన్ని తొందరపెడతారు, మచ్చలు పోయాక కూడా కొన్ని రోజులు మందు ఆపరు.

ఈ జీవి మొప్పల్లోనే ఉంటే చేప పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. కంటితో చూసి తేల్చుకునే దారి లేదు. దారి ఒక్కటే, వచ్చిన చేపను రెండు మూడు వారాలు విడిగా ఉంచడం. ఆ తొట్టెలకు వేరే వలలు, వేరే పైపులు, వాటి పని ముగిశాక చేతులు కడుక్కోవడం. ఇందులో డబ్బు ఇరుక్కుంటుంది, చోటు పోతుంది, కొనేవాళ్లు ఎదురుగా నిలబడి అడుగుతుంటే లేదనాలి. చాలా కొట్లు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. నలభై తొట్టెలనూ ఒకే పెద్ద ఫిల్టర్‌కు కలిపే పద్ధతి చూడటానికి సొంపుగా, నడపటానికి తేలికగా ఉంటుంది. కానీ అందులో ఒక తొట్టి జబ్బు నలభై తొట్టెల జబ్బు అవుతుంది. అతినీలలోహిత దీపం పెడితే కొంత ఆపవచ్చు. ఒకే బ్లోయర్ నుంచి గాలి పంచుతూ, తొట్టి తొట్టికీ విడిగా స్పాంజి ఫిల్టర్ పెట్టే పాత పద్ధతే నాకు ఇప్పటికీ మేలనిపిస్తుంది. ఏదైనా వస్తే అక్కడితో ఆగుతుంది. తోడు ఇవ్వాలన్నా విడి గది పరీక్ష నెగ్గిన తొట్టిలోంచే ఇవ్వాలి, లేకపోతే బ్యాక్టీరియాతో పాటు జబ్బునూ పంచినట్టవుతుంది.

మందుల అరలో నీలం, పసుపు, ఆకుపచ్చ సీసాలు బారులు తీరి ఉంటాయి. వాటికన్నా ముందు అమ్మాల్సిన మందు కళ్లుప్పు అని నేనంటాను. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు, చుట్టూ ఉన్న నీళ్లలో కన్నా ఎక్కువ. అందుకని నీళ్లు దానిలోకి చొరబడుతూనే ఉంటాయి. అది నీళ్లు తాగదు, లోపలికొచ్చినదాన్ని పలుచని మూత్రంగా రోజంతా తోడిపోస్తూనే ఉంటుంది. దెబ్బ తగిలిన, అలసిన చేపకు ఈ చాకిరీ భారమవుతుంది. లీటరుకు ఒకటి రెండు గ్రాముల ఉప్పు ఆ తేడాను తగ్గిస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. తొట్టి కుదురుకునే దశలో నైట్రైట్ పెరిగితే అది మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి, రక్తాన్ని ప్రాణవాయువు మోయలేని గోధుమరంగు ద్రవంగా మార్చేస్తుంది. తొట్టిలో గాలి నిండా ఉన్నా చేపకు ఊపిరాడదు. నైట్రైట్ లోపలికెళ్లే గుమ్మం, ఉప్పులోని క్లోరైడ్ వెళ్లే గుమ్మం ఒకటే. క్లోరైడ్ గుంపుగా నిలబడితే నైట్రైట్‌కు దారి దొరకదు. అయితే కొన్ని మొక్కలకు, పొలుసుల్లేని కొన్ని జెల్ల జాతి చేపలకు ఉప్పు పడదు. ఆ మాటా చెప్పి అమ్మాలి.

నీటిని బట్టి చేపను ఎంచుకోవడం మన కొట్లలో చాలా తక్కువ. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు గిన్నె అడుగున తెల్లటి పొర కడతాయి. అది కాల్షియం, మెగ్నీషియం. గప్పీ, మోలీ, ప్లాటీ లాంటివి అలాంటి గరుకు నీళ్లలో హాయిగా ఉంటాయి. అమెజాన్ ప్రాంతపు మెత్తటి, కాస్త ఆమ్లగుణమున్న నీళ్లలో పుట్టిన నియాన్ టెట్రాకు అవి శిక్ష. ఊళ్లో దొరికే నీళ్లకు తగిన చేపలే ముందు వరసలో ఉంచితే, కొట్లోనూ కొన్నవాళ్ల ఇంట్లోనూ సగం తిప్పలు తగ్గుతాయి.

వేసవి ఇంకో పరీక్ష. 25 డిగ్రీల దగ్గర 8 మిల్లీగ్రాములు దాటే ప్రాణవాయువు 32 డిగ్రీలకు 7కు చేరువవుతుంది, అదే సమయంలో చేప అవసరం పెరుగుతుంది. మే నెలలో కరెంటు పోతే చేపల కన్నా ముందు స్పాంజిలోని జీవులకు ఊపిరి అందదు. బ్యాటరీ పంపు లేని కొట్టును విజయవాడలో నేను ఊహించలేను.

అమ్మకూడని చేపల గురించి నాకు పట్టుదల ఉంది. గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను అమ్మడం మానాలి. అది జానెడుకు పైగా పెరిగే చేప, పదేళ్లకు పైగా బతకగల చేప. గిన్నె మూతి చిన్నది, నిండా నీళ్లు పోస్తే గాలి తగిలే నీటి మేరా అంతే చిన్నది. అందులో బతికినన్నాళ్లు అది బతుకు కాదు. ఇక తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. అడుగు దాటేసరికి ఇంట్లోవాళ్లకు బరువై, దయతోనే దాన్ని కాలువలో వదిలేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేపకు ఒంటినిండా ఎముక పలకలు, ముళ్లు. మన నీళ్లలో దాన్ని తినేవి చాలా తక్కువ. ఇవాళ కృష్ణ నీళ్లలో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప అదే. కొనుక్కునేవాళ్లు ఉండరు, వల కుట్టుకునే కూలి మాత్రం జాలరిదే. తూర్పు కనుమల నీళ్లలో అది ఎంత వ్యాపించిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్ఏ ఆనవాళ్లను బట్టి వెతికారు. పెరిగి భారమైన చేపను వెనక్కి తీసుకుంటామని బోర్డు పెట్టే కొట్టు నదికి కూడా మేలు చేసినట్టే.

మూడు వారాల తర్వాత ఆదివారం నేను కావాలనే ఆ కొట్టుకు వెళ్లాను. తండ్రీకూతుళ్లు వచ్చారు. పాప చేతిలో చిన్న సీసా, అందులో వాళ్ల తొట్టి నీళ్లు. కొట్టాయన గాజు గొట్టంలో ఆ నీళ్లు కొద్దిగా పోసి, చుక్కల మందు వేసి, ఊపి, అయిదు నిమిషాలు ఆగమన్నాడు. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుందని పాపకు చెప్పాడు. పాప గొట్టం మీంచి కళ్లు తిప్పలేదు. నీళ్లు పసుపుగానే ఉండిపోయాయి. రెండోది నైట్రైట్ పరీక్ష, అదీ నెగ్గింది.

రెండడుగుల తొట్టిలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు పెరగలేవని, మీ బోరు నీళ్లకు గప్పీలు బాగుంటాయని ఆయన నెమ్మదిగా చెప్పాడు. పిల్లలు పెట్టి తొట్టి నిండిపోకుండా అన్నీ మగవే ఇస్తానన్నాడు. పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత గప్పీల తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని, తోకలు చూసి చూసి, ఒక్కొక్కటే వేలితో చూపించింది. నాలుగు గప్పీలు వలలోంచి సంచిలోకి దిగాయి. పేర్లు మాత్రం మూడు వారాల కిందట గోల్డ్‌ఫిష్‌లకు పెట్టినవే.